ఎక్కని డాబా

బుగ్గమ్మ దొంగ కాదని మహితకు తెలిసేసరికి, ఆమెను దొంగ అని నలుగురి ముందు చెప్పి పద్దెనిమిది రోజులైంది. చెప్పింది ఇంకెవరో అయితే మహిత ఆ పూట హాయిగా టీ తాగి ఉండేది. చెప్పింది తనే.

తెలిసిన తీరు మరీ తలదించుకునేలా ఉంది. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఆమె ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. పంపినవాడు ఫణికిరణ్. మహిత పదకొండేళ్లుగా చిక్కడపల్లిలో డిటెక్టివ్ ఆఫీసు నడుపుతోంది. పెళ్లి సంబంధాల వాకబులు, ఇల్లు కొనబోయేవాళ్ల కోసం ఆ ఇంటి గురించీ అమ్మేవాళ్ల గురించీ విచారణలు ఆమె ముఖ్యమైన పని. ఫణికిరణ్ రెండేళ్ల కిందట నారాయణగూడలో అదే పనికి బోర్డు పెట్టి, ఆమె దగ్గరకు రావలసిన వాళ్లలో సగం మందిని తనవైపు తిప్పుకున్నాడు.

ఫోటోలో రేషన్ దుకాణం మిషన్‌లోంచి తీయించిన చీటీ ఉంది. డిసెంబరు ఆరు, శనివారం. 11.09కి బుగ్గమ్మ వేలిముద్ర పడలేదు. 11.12కి మళ్లీ పెట్టింది, పడలేదు. 11.16కి ఆమె భర్త దాసయ్య కన్ను చూపిస్తే మిషన్ ఒప్పుకుంది. కింద ఫణికిరణ్ ఒకే వాక్యం రాశాడు. 'మీరు అడగని ప్రశ్న ఇది.'

డిసెంబరు ఆరునే అశోక్‌నగర్‌లో రాజ్యలక్ష్మిగారి ఇంట్లో దొంగతనం జరిగింది. ఆవిడా, భర్త వీరరాఘవరావుగారూ బర్కత్‌పురలో బంధువుల ఇంట నిశ్చితార్థానికి పదింటికి బయల్దేరి, రెండున్నరకు తిరిగొచ్చారు. వీధి తలుపు తాళం చెక్కుచెదరలేదు. లోపల ఇనప బీరువాను మాత్రం కటింగ్ మిషన్‌తో నిలువునా కోశారు. ఆ వేడుక కోసం బ్యాంకు లాకరు నుంచి తెచ్చిన నగల్లో, ఆవిడ ఒంటి మీద వేసుకోగా మిగిలినవన్నీ పోయాయి. వాళ్లమ్మ ఇచ్చిన పలకసర్లు కూడా.

రాజ్యలక్ష్మిగారు పోలీసులకు చెప్పి, మహితనూ పిలిచారు. రెండు రోజుల్లో మహిత లెక్క తేల్చింది. వీధి తలుపు తాళంచెవి ఒకటి పనిమనిషి బుగ్గమ్మ దగ్గర ఉంటుంది. ఆమె మొగుడు దాసయ్య కట్టుబడి కూలీ, అతని దగ్గర కటింగ్ మిషన్ ఉంది. ఎస్సైనీ, ఇంటివాళ్లనీ, పక్కింటివాళ్లనీ హాల్లో కూర్చోబెట్టి, బుగ్గమ్మను ఎదురుగా నిలబెట్టి, తాళంచెవి భార్యది, మిషన్ మొగుడిది అని వరసగా వివరించింది. అదే కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చింది. ఆ మాటలంటున్నప్పుడు హాల్లో అందరూ తన వంక ఎంత గౌరవంగా చూశారో ఆమెకు ఇప్పటికీ గుర్తుంది. ఇవాళ పొద్దుటి నుంచీ ఆ జ్ఞాపకాన్నే భరించలేకపోతోంది.

ఫోటో చూసిన వెంటనే ఎస్సైకి ఫోన్ చేసింది. అతను విసుక్కోలేదు, కానీ కరగనూ లేదు. చీటీ మీద ఉన్నది పదకొండుంబావు. దొంగతనం పదికీ రెండున్నరకూ మధ్య ఎప్పుడైనా జరిగి ఉండొచ్చు. బియ్యం తెచ్చుకున్నాక వెళ్లి బీరువా కొయ్యడానికి మూడు గంటల టైముంది కదా అన్నాడు. రోజూ స్టేషన్‌కు పిలిపించి కూర్చోబెడుతున్న దాసయ్యను సాయంత్రం ఆరింటికి అరెస్టు చూపిస్తున్నామని కూడా చెప్పాడు.

"మీరు రాసిచ్చిన కాగితమే మాకు ఆధారం మేడమ్," అన్నాడు ఫోన్ పెట్టేస్తూ.

దొంగతనం సరిగ్గా ఏ నిమిషంలో జరిగిందో ఆరింటిలోపు తేల్చాలి. ఎవరిని అడిగి మొదలుపెట్టాలో మహితకు తెలుసు. ఆ మనిషి ముందుకు వెళ్లడానికే మొహం చెల్లడం లేదు.

పదకొండింటికి లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర బస్తీలో బుగ్గమ్మ గది ముందు నిలబడింది. బుగ్గమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మహితను చూసి లేవలేదు, కూర్చోమననూ లేదు. పక్క గదుల్లో ఆడవాళ్లు మాటలాపి బయటికి చూశారు.

పొరపాటు జరిగిందని మహిత అంది. ఆ మాట, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు చేసిన పనిలా వినబడింది.

బుగ్గమ్మ చాట దించింది. "ఎవరు చేసిన్రు?"

"నేనే."

"ఆఁ. గట్ల చెప్పున్రి."

రేషన్ దుకాణానికి వెళ్లిన సంగతి ఆ రోజే ఎందుకు చెప్పలేదని మహిత మెల్లగా అడిగింది. బుగ్గమ్మ కోపంగా కూడా చెప్పలేదు. అలిసిపోయిన గొంతుతో చెప్పింది.

"మీరు అడిగింది తాళంచెవి ఏడున్నదని. నా నడుముకే ఉన్నదని చెప్పిన. మా ఆయన మిషన్ ఏడ పెడతడని. ఆ పొద్దు ఏడికి పోయినవని అడగలే. ఎస్సై సారుకు చెప్పిన. చీటీ తెమ్మన్నడు. బియ్యం తెచ్చుకున్నంక చీటీ ఎవరు దాస్తరు మేడమ్? మొన్న ఆ ఫణికిరణ్ సారు వచ్చి అడిగి, దుకాణంల తీయించిండు."

తర్వాత రెండు బొటనవేళ్లూ చాచి చూపించింది. ముప్పై ఏళ్లుగా గిన్నెలు తోమి తోమి వేలి గీతలు అరిగిపోయాయి. చర్మం గాజు పలకలా నునుపుగా ఉంది. ప్రతి నెలా మిషన్ ఈ వేళ్లను ఒప్పుకోదనీ, అందుకే రేషన్ రోజున దాసయ్య పని మానుకుని వెంట వస్తాడనీ, అందుకే ఆ శనివారం కూలి అడ్డా మీద అతన్ని ఎవరూ చూడలేదనీ చెప్పింది. దాసయ్య ఆ రోజు పనికి రాలేదన్న సంగతినే మహిత తన కాగితంలో మూడో ఆధారంగా రాసింది.

మూడిళ్లవాళ్లు మాన్పించారట. నాలుగో ఇంట్లో పని ఉంది. "ఉన్నది గానీ, నేను బోళ్లు తోముతుంటే ఆ అక్క ఎన్కనే నిలవడుతది," అంది బుగ్గమ్మ.

మహిత అసలు విషయానికి వచ్చింది. ఆ ఇంట్లో కెమెరాలు లేవు. వీధిలో వాళ్లెవరూ ఏమీ చూడలేదు. బీరువా ఏ నిమిషంలో కోశారో చెప్పగలిగేది ఏదైనా ఆ ఇంట్లో ఉందా అని అడిగింది. ఇది నిజంగా తెలియక అడుగుతున్న ప్రశ్న అని బుగ్గమ్మకు అర్థమైనట్టుంది. ఆలోచించింది.

"మీద సోలార్ డబ్బా ఉన్నది గదా. ఇంట్ల మిక్సీ ఏసినా మోటరేసినా దాంట్ల అంకె ఎగురుతది. పలకలు కడగనీకి పోయినప్పుడల్లా చూస్తుంట. బీరువ కోసిన మిషన్ ఏ కరెంటు మీద నడిచింది? ఇంట్ల కరెంటే గదా. ఆ డబ్బాకు యాదికుంటదేమో." ఆగి, మహిత మొహంలోకి చూసింది. "ఇల్లు కొనేటప్పుడు మీరే డాబా ఎక్కి అన్నీ చూసిన్రట గదా. అమ్మ చెప్పింది. మీకు ఎర్కలేదా?"

ఇప్పుడే వెళ్లి చూస్తానని చెప్పి మహిత వెనుదిరిగింది.

ఆమెకు డబ్బా సంగతి తెలియదు. ఆ డాబా ఆమె ఎన్నడూ ఎక్కలేదు.

పద్నాలుగు నెలల కిందటి మాట. రాజ్యలక్ష్మి దంపతులు ఆ ఇల్లు కొనబోతూ, కొనొచ్చో లేదో చూసి చెప్పమని మహితకు అప్పగించారు. అమ్మే అభిరామ్ మీద కేసులు లేవు, కాగితాలు సరిగ్గా ఉన్నాయి, పన్నులు కట్టి ఉన్నాయి. అవన్నీ ఆమె చెమటోడ్చి తిరిగి చూసింది. మిగిలింది డాబా మీద సోలార్ ప్యానెళ్లు. ఆ ఇంటికి గిరాకీ వాటి వల్లనే. కరెంటు బిల్లు రాదనే మాట విని ఆ దంపతులు ఇష్టపడ్డారు. ఆ రోజు మహితకు మరో పని తొందర ఉంది. ఇల్లు చూపిస్తున్న బ్రోకర్ లక్ష్మయ్య, పైన పలకలే కదా మేడమ్, ఎండలో మీకెందుకు అంటూ నవ్వుతూ ఫోనులోంచి డాబా ఫోటోలు పంపాడు. వాటినే రిపోర్టుకు అతికించి, కింద 'డాబా, సోలార్ స్వయంగా పరిశీలించాను. పాత యజమాని నుంచి బదిలీ పూర్తయింది' అని రాసింది. చేతిరాతతో రాసింది, నమ్మకంగా ఉంటుందని.

ఒంటిగంటకు అశోక్‌నగర్ ఇంటి హాల్లో కూర్చుని ఆ సంగతి రాజ్యలక్ష్మిగారికి చెప్పింది. ముందు బుగ్గమ్మ సంగతి, తర్వాత డాబా సంగతి. రెండూ ఆవిడ చివరిదాకా విన్నారు. లేచి లోపలికి వెళ్లి, ఇంటి కాగితాల ఫైలు తెచ్చి, ఆ రిపోర్టు పేజీ తీసి టేబుల్ మీద మహిత వైపు తిప్పి పెట్టారు.

"మావారు వద్దన్నారమ్మా, పాత సామాన్లున్న ఇల్లు వద్దని. నీ సంతకం చూపించి నేనే ఒప్పించాను," అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే మహితకు సులువుగా ఉండేది.

అడగవలసిన ప్రశ్నలు మహిత ఇప్పుడు అడిగింది.

"ఇల్లు కొన్నాక వీధి తలుపు తాళం మార్చారా అండీ?"

"లేదు. మంచి తాళమే కదా అని ఉంచేశాం."

"మీకు ఎన్ని తాళంచెవులు ఇచ్చారు?"

"మూడు. మాకు రెండు, బుగ్గమ్మకొకటి. లక్ష్మయ్యగారే తెచ్చిచ్చారు."

"సోలార్‌కి ఫోనులో ఒక యాప్ ఉంటుంది. అది మీ ఫోనులో ఉందా?"

ఆవిడ తల అడ్డంగా ఊపారు. అది పాత యజమాని అభిరామ్ ఫోనులో ఉండేదట. మా పేరు మీదకు మార్పిస్తానని లక్ష్మయ్యగారు అన్నారట. బిల్లు తక్కువగానే వస్తోంది కదా అని వీళ్లు మళ్లీ అడగలేదు. దాంతో ఏం ఉపయోగమో ఇప్పటికీ తమకు తెలియదని చెప్పారు.

మహిత అక్కడే కూర్చుని అభిరామ్‌కు మెసేజ్ పెట్టింది. అమ్మేటప్పుడు వీధి తలుపు తాళంచెవులు ఎన్ని ఇచ్చారు, ఎవరి చేతికి ఇచ్చారు అని. తర్వాత డాబా మెట్లెక్కింది. ఇరవై రెండు మెట్లు. ఎక్కడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

పైన పది ప్యానెళ్లు దక్షిణానికి వాలి ఉన్నాయి. అన్నింటి మీదా బూడిదలా దుమ్ము పేరుకుంది. బుగ్గమ్మను మాన్పించాక ఎవరూ కడగలేదు. మెట్ల గది గోడకు తెల్లటి డబ్బా, దాని మీద చిన్న తెర. తెర మీద రెండు అంకెలు. ఒకటి ప్యానెళ్ల నుంచి వస్తున్న కరెంటు. రెండోది ఇంట్లో వాడుతున్న కరెంటు, 140 వాట్లు. అది ఫ్రిజ్ ఒక్కటే అయి ఉండాలి. కింద మిక్సీ వెయ్యమని మహిత రాజ్యలక్ష్మిగారిని కేక వేసి అడిగింది. మూడు సెకన్లలో 140 కాస్తా 650 అయింది. మిక్సీ ఆపగానే మళ్లీ 140.

బుగ్గమ్మ చెప్పింది అక్షరాలా నిజం.

డబ్బా పక్కన ప్యానెళ్లు బిగించిన కంపెనీ స్టిక్కరు, సర్వీసు నంబరు ఉన్నాయి. ఫోన్ చేస్తే సంతోష్ అనే టెక్నీషియన్ దొరికాడు. రెండుంబావుకల్లా వస్తానన్నాడు.

అతనికన్నా ముందు ఫణికిరణ్ వచ్చాడు. బుగ్గమ్మ అతనికి ఫోన్ చేసి, మేడమ్ సోలార్ డబ్బా చూడనీకి పోయిందని చెప్పిందట. అతను డాబా మీదకు వస్తూనే ప్యానెళ్ల వంకా, మహిత వంకా చూశాడు. వెనకే రాజ్యలక్ష్మిగారు మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"ఈ డాబా ఎక్కడం మీకు ఎన్నోసారి మహితగారూ?"

"మొదటిసారి."

అబద్ధం చెబితే పట్టుకుందామని వచ్చినవాడు ఆ జవాబుకు ఒక క్షణం తడబడ్డాడు. వీరరాఘవరావుగారి దగ్గర సంపాదించిన రిపోర్టు కాపీ జేబులోంచి తీశాడు. "స్వయంగా పరిశీలించాను అని రాశారు."

"అబద్ధం రాశాను."

"ఈ కేసు మీద మా ఛానల్‌కు వీడియో చేస్తున్నాను. ఈ మాట అందులో చెబుతారా?"

చెబుతానని మహిత అంది. అతను ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. ఆమె పేరు చెప్పి, ఊరు చెప్పి, చూడని డాబాను చూశానని రాసినట్టు చెప్పింది. రాజ్యలక్ష్మిగారు పక్కకు తిరిగి బట్టలు ఆరేసే తీగ వంక చూస్తూ నిలబడ్డారు.

వీడియో అయ్యాక మహిత అతని ఫోటోను తన ఫోనులో పెద్దది చేసి చూపించింది. చీటీ అట్టడుగున చిన్న అక్షరాల్లో, దాన్ని తీయించిన తేదీ ఉంది. డిసెంబరు 23.

"ఇవాళ ఇరవయ్యారు. మూడు రోజులు మీ దగ్గరే పెట్టుకున్నారు. ఈ మూడు రోజులూ దాసయ్య పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాడు."

ఫణికిరణ్ వంగి ఆ తేదీ చూశాడు.

"ఎందుకు ఆగారు?"

"వీడియో పూర్తి కాలేదు," అన్నాడు. "మీ వైపు నుంచి కూడా ఒక ముక్క ఉంటే..." వాక్యం పూర్తి చెయ్యలేకపోయాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. తన సిగ్గు కొంచెం కూడా తగ్గకపోగా, అవతలి మనిషి సిగ్గును కూడా చూడవలసి రావడం మహితకు కష్టంగా అనిపించింది.

"చీటీ మీ దగ్గరుంది. టైము ఈ డబ్బాలో ఉంది. ఒకటి లేకుండా రెండోది పనికిరాదు," అంది. "ఆరింటికి అరెస్టు."

అతను ఫోన్ జేబులో పెట్టుకుని మెట్ల గది గోడకు ఆనుకున్నాడు. రెండుంబావుకు సంతోష్ వచ్చాడు.

సంతోష్ ముప్పై ఏళ్ల మనిషి, మాట తక్కువ. కస్టమర్ ఫోనులో యాప్ లేకపోయినా కంపెనీ వైపు నుంచి అన్నీ కనిపిస్తాయని చెప్పాడు. ల్యాప్‌టాప్ నీళ్ల ట్యాంకు నీడలో పెట్టి, ఇంటి యజమానిగా రాజ్యలక్ష్మిగారు ఒప్పుకుంటున్నట్టు ఆవిడ చేత ఒక మెసేజ్ పెట్టించుకుని తెరిచాడు. ఈ డబ్బా ఐదు నిమిషాలకొకసారి ఇంటి వాడకాన్ని రాసి పెట్టుకుంటుందట. డిసెంబరు ఆరు తేదీ నొక్కాడు.

ఒక గీత వచ్చింది. పొద్దున తొమ్మిదీ యాభైకి ఇస్త్రీ పెట్టె ఎత్తు. పదీ ఐదుకు గీత పడిపోయింది. అక్కడి నుంచి నేలబారుగా 140. పదకొండూ పది దగ్గర ఉన్నట్టుండి నిటారుగా లేచింది, 890. పదకొండుంబావుకు 860. పదకొండూ ఇరవైకి మళ్లీ 140. ఆ తర్వాత రెండున్నర దాకా కదలికే లేదు.

"కటింగ్ మిషన్ అంతే లాగుతది," అన్నాడు సంతోష్.

ఫణికిరణ్ చీటీ పక్కన పెట్టాడు. 11.09, 11.12, 11.16. ఇక్కడ బీరువా కోస్తున్న ఆ నిమిషాల్లోనే, నారాయణగూడ రేషన్ దుకాణంలో ఒక ఆడమనిషి అరిగిపోయిన వేళ్లను మిషన్ మీద అదిమి పెడుతోంది. పక్కనే మొగుడు, ఆమె నడుముకు ఈ ఇంటి తాళంచెవి. ఒక మిషన్ ఆమెను గుర్తుపట్టలేదు. ఒక మనిషి గుర్తుపట్టి మరీ దొంగను చేసింది.

చీటీ, గీత రెండింటి ఫోటోలూ ఎస్సైకి వెళ్లాయి. పది నిమిషాలకు ఫోన్ వచ్చింది. దాసయ్యను ఇంటికి పంపిస్తున్నానని, రేపు మహిత వచ్చి తన కాగితం వెనక్కు తీసుకుంటున్నట్టు రాసివ్వాలని చెప్పాడు. ఫణికిరణ్ బుగ్గమ్మకు ఫోన్ చేశాడు. అవతల నుంచి ఏడుపు కాదు, నవ్వు కాదు, 'సరే' అనే ఒక్క మాట వచ్చింది. రాజ్యలక్ష్మిగారు ఫోన్ అడిగి తీసుకున్నారు. తీసుకుని ఏమనాలో తెలియక తిరిగి ఇచ్చేశారు.

అక్కడితో ఆపి ఉంటే ఆ రోజుకు ఒక పని సవ్యంగా ముగిసినట్టుండేది. మహిత ఇంకో ప్రశ్న అడిగింది. ఈ గీతను ఇంకెవరు చూడగలరు?

సంతోష్ మరో పేజీ తీశాడు. ఆ ఇంటి యాప్‌కు రెండు ఫోన్లు కట్టి ఉన్నాయి. ఒకటి అభిరామ్‌ది, పద్నాలుగు నెలలుగా తెరిచిందే లేదు. రెండోది ఇల్లు అమ్మిన వారానికి చేర్చిన నంబరు. డిసెంబరు ఆరున ఆ నంబరు నుంచి ఆ గీతను చూసిన వేళలు వరసగా ఉన్నాయి. 9.52. 10.08. 10.20. 10.45. ఇల్లు ఖాళీ అయిందో లేదో ఆ నంబరు మనిషి నాలుగుసార్లు చూసి, నిజమేనని నమ్మకం కుదిరాక బయల్దేరాడు.

ఆ నంబరు ఎవరిదని మహిత అడగనక్కర్లేకపోయింది. ఆమె ఫోనులో అది 'లక్ష్మయ్య బ్రోకర్' అనే పేరుతో ఉంది. నెలకు రెండుసార్లయినా ఆమెకు పని పంపే నంబరు. సరిగ్గా అప్పుడే అభిరామ్ జవాబు వచ్చింది. 'తాళంచెవులు నాలుగు. లక్ష్మయ్యగారి చేతికిచ్చాను. యాప్ పాస్‌వర్డు కూడా ఆయనే అడిగి తీసుకున్నారు.'

రాజ్యలక్ష్మిగారు నీళ్ల ట్యాంకు గట్టు మీద కూర్చుండిపోయారు. పోయిన నెలలో కూడా వచ్చాడమ్మా, కాఫీ ఇచ్చాను, నిశ్చితార్థం సంగతి నేనే చెప్పాను అన్నారు. నగలు లాకరు నుంచి తెచ్చుకోవాలనీ తనే అన్నానని, అది ఇప్పుడు గుర్తొస్తోందని చెప్పి, కొంగుతో మొహం ఒత్తుకున్నారు.

మహిత సంతోష్ వైపు తిరిగింది. "ఈ నంబరు ఇంకే ఇంటికైనా కట్టి ఉందా, మీ కంపెనీ ఇళ్లలో?"

అతను నంబరు కొట్టి వెతికాడు. తెర మీద నాలుగు వరసలు వచ్చాయి. అశోక్‌నగర్‌లో ఈ ఇల్లు. చిక్కడపల్లిలో ఒకటి. బర్కత్‌పురలో ఒకటి. నారాయణగూడలో ఒకటి.

నాలుగూ ప్యానెళ్లు ఉన్న ఇళ్లే. నాలుగూ లక్ష్మయ్య అమ్మించినవే. కొన్నవాళ్లు నాలుగిళ్లకూ మహిత చేతే విచారణ చేయించుకున్నారు. ఫణికిరణ్ ఆమె మొహం చూసి, అడగాలా వద్దా అని తటపటాయించి, చివరికి చాలా చిన్న గొంతుతో అడిగాడు.

"వీటిలో ఎన్ని డాబాలు ఎక్కారు?"

"ఒక్కటీ ఎక్కలేదు."

మొదటిసారి తొందరలో ఎక్కలేదు. దాని వల్ల ఏమీ కాలేదు కాబట్టి రెండోసారీ ఎక్కలేదు. ఆ తర్వాత లక్ష్మయ్య అడగకుండానే ఫోటోలు పంపేవాడు, ఆమె అడగకుండానే అతికించేది. ఆ మనిషి తాళంచెవులు దాచుకున్నాడు, పాస్‌వర్డులు దాచుకున్నాడు. ఆ దాపరికానికి చాటు మహితే అయింది. ఇంటివాళ్లకు అనుమానం రాకుండా చూసింది ఆమె సంతకమే.

సంతోష్ తెర మీద వేలు పెట్టాడు. "మేడమ్, ఈ నంబరు ఇవాళ కూడా చూసింది."

నారాయణగూడ ఇంటి వరసలో ఇవాళ్టి వేళలు ఉన్నాయి. 2.31. 2.40. 2.52. 3.01. మహిత చేతి గడియారంలో మూడూ ఇరవై. అంటే పంతొమ్మిది నిమిషాల కిందటి వరకూ చూశాడు, తర్వాత ఆపేశాడు. సంతోష్ ఆ ఇంటి గీత తెరిచాడు. రెండున్నరకు పడిపోయి, అప్పటి నుంచీ నేలబారుగా ఉంది, 120. ఇంట్లో ఎవరూ లేరన్నాడు.

ఆ ఇంట్లో ఎవరుంటారో మహితకు గుర్తొచ్చింది.

ఆ ఇల్లు పల్లవి అనే బ్యాంకు ఉద్యోగిది. విచారణ రోజున పల్లవి అత్తగారు హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. రెండు కళ్లూ పోయి ఆరేళ్లయిందావిడకు. ఆవిడ లైటు వెయ్యరు, ఆవిడకు లైటుతో పనిలేదు. టీవీ పెట్టరు. డిసెంబరులో ఫ్యాను కూడా అక్కర్లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆవిడ ఇంట్లో ఉన్నా లేకపోయినా ఆ గీతకు తేడా తెలియదు. ఆ రోజు ఆవిడ మహిత చెయ్యి పట్టుకుని, నేను పైకి ఎక్కలేను కదమ్మా, డాబా ఎలా ఉంది అని అడిగారు. చాలా బాగుందండీ అని మహిత చెప్పింది.

మహిత పల్లవికి ఫోన్ చేసింది. రెండోసారికి ఎత్తింది. ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

"అత్తయ్య ఉన్నారండీ. పనమ్మాయి రెండున్నరకు వెళ్లిపోతుంది. నేను వచ్చేసరికి ఆరవుతుంది. ఎందుకు?"

మహిత జవాబు చెప్పేలోపు ఫణికిరణ్ బండి తాళంచెవి చేతిలోకి తీసుకుని మెట్ల వైపు పరుగెత్తాడు. ఎస్సైకి ఫోన్ చెయ్యమని రాజ్యలక్ష్మిగారితో అంటూ ఆమె కూడా కదిలింది. అప్పుడే ల్యాప్‌టాప్ తెర కొత్త అంకె చూపించింది.

మూడూ ఇరవై ఐదుకు నారాయణగూడ ఇంటి వాడకం 870.